నది ఏమిస్తుంది?

అన్నయ్యా, నేను క్షేమం, దిగులు పడొద్దని అమ్మతో చెప్పు. ట్రైనింగులో భాగంగా నిన్న నాలుగో తరగతికి సోషల్ చెప్పాను. మాకు ట్రైనింగిచ్చే ఒసేయి మాస్టారు వెనక కూర్చుని నాకు మార్కులు వేస్తున్నారు.

"నది మనకేమిస్తుంది?" అని అడిగాను.

"బురద, టీచరమ్మా. తాగే నీళ్ళు ప్యాకెట్లలో వస్తాయి" అంది ఎసీ అనే పిల్ల.

"కరెక్టే" అన్నాను. బంగారం కోసం నదిని తవ్విపోస్తున్నదెవరో పిల్లలే చెప్పసాగారు.

మాస్టారు లేచారు. "తాగునీరు, చేపలు అని రాయించు. సోషలంటే పుస్తకంలో ఉన్నది, ఊళ్ళో గొడవలు కాదు" అని సున్నా వేశారు. ఆయన పక్కన కూర్చున్న తోటి ట్రైనీలు గంగిరెద్దుల్లా తలలూపారు.

నాన్న మన కోకో తోటను తవ్వేవాళ్ళకిస్తాడట, నిజమేనా? ఎలాగైనా ఆపు. అమ్మ చేసిన ఎండుచేపల కారం, షితో, అయిపోయింది, ఇంకో సీసా పంపు. అమ్మకు నా దండాలు.

రేపు మళ్ళీ అదే పాఠం. పిల్లలు ప్యాకెట్ నీళ్ళు తాగి, నది తాగునీరిస్తుందని వల్లెవేస్తారు.

నీ చెల్లెలు,
అబీనా