పైకొచ్చి చెప్పాల్సిన మాట

పటమట,
మంగళవారం.

చిరంజీవి క్రిస్టినాని అమ్మమ్మ దీవించి రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం, నా నిద్ర ఒక్కటే క్షేమంగా లేదు. నువ్వూ క్షేమమని రాశావు. వానలో సముద్రంలోకి దూకేదానికి క్షేమమేంటో నాకర్థం కాదు. నువ్వు డైవింగు నేర్చుకునే ఆ దీవిలో వాన పడితే ఫోను పలకదు. పలికినా ఈ సంగతి నోటితో చెప్పలేను.

నా మోకాలు అలాగే ఉంది, మందులు వేసుకుంటున్నాను. మన సందులో నీళ్ళు గడప దాకా వచ్చాయి. బ్యారేజీ గేట్లు ఎత్తారట. నీళ్ళంటేనే విసుగ్గా ఉంది.

వీడియో చూశావా అన్నావు. పక్కింటి హెలెన్ చూపించింది. సిలిండరు లేకుండా ఒట్టి ఊపిరి బిగబట్టి, తాడు వెంట తలకిందులుగా పోయావు. నీతోపాటు నేనూ బిగబట్టాను. నువ్వింకా కిందికే పోతున్నావు, నాకు కళ్ళు తిరిగాయి. హెలెన్ వీపు చరిచి, “శౌరమ్మత్తా, అది పోయినవారం వీడియో. పిల్ల ఎప్పుడో పైకొచ్చింది” అంది.

కిందనుంచి చూస్తే చినుకులు పేలాలు పేలుతున్నట్టుంటాయనీ, పైనీళ్ళు చల్లగా, అడుగున వెచ్చగా, చప్పుడు లేకుండా ఉంటుందనీ మురిసిపోతూ రాశావు. వెచ్చగా కావాలంటే ఇంట్లో దుప్పటి లేదా? చప్పుడు వద్దంటే నేను నోరు మూసుకోనా? మూసుకోను, అది వేరే సంగతి. వానకి నీళ్ళు మసకేసి తాడు కూడా కనపడలేదన్న ముక్క మాత్రం చివర్లో సన్నగా రాశావు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను.

నీకు నేర్పే సారు నీళ్ళలోకి దిగనివ్వడం లేదనీ, డాక్టరు కాగితం అడుగుతున్నాడనీ, పరీక్ష పోతే అక్కడ నేర్పే ఉద్యోగమూ పోతుందనీ, ఎందుకో తెలీక ఏడుస్తున్నాననీ రాశావు. నావల్లేనే. ఇంట్లోవాళ్ళ సమ్మతికి ఆయన ఫోను చేసి జబ్బులేమైనా ఉన్నాయా అంటే, నీకు లేని మూర్ఛ చిన్నప్పట్నుంచీ ఉందన్నాను. ఆ పూట ఇక్కడ ఒకటే వాన. ఐనా కడుపు నిండా తిని పడుకున్నాను. నీ ఉత్తరం చదివాక ముద్ద దిగడం లేదు. నువ్వు దిగినా నాకు చావే, దిగకపోయినా చావే.

నిన్న లైను దొరికితే సారుకి ఫోను చేసి, అబద్ధమాడానని చెప్పాను. ఆయన తిట్టలేదు. “అయితే దింపమంటారా అమ్మగారూ?” అన్నాడు. ఫోను హెలెన్ చేతికిచ్చాను. “దింపండి సార్” అంది. నేను లాక్కోలేదు. అదే నా సమ్మతి అనుకో. అంతకన్నా నావల్ల కాదు.

పైకొచ్చాక బాగున్నానని నోటితో చెబితేనే మీ పరీక్షలో ఆ మునక లెక్కట, హెలెన్ చెప్పింది. మన ఉత్తరాల్లో మొదట రాసే క్షేమం ముక్కలాగే. సారుకి చెప్పి, తల తుడుచుకోకముందే నాకూ చెప్పు. ఫోను పలక్కపోతే ఇటు తిరిగి చెప్పు.

ఇట్లు,
నువ్వు చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకునే
నీ అమ్మమ్మ,
శౌరమ్మ.