మెట్ల అద్దె

మా ఇంటి దొరసానికి,

ఈ ఉత్తరం చూసి కంగారుపడకు. ఒళ్ళు బాగానే ఉంది, ఉద్యోగమూ బాగానే ఉంది. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. మీ అన్నయ్య ఇంట్లో ఫోను హాలు మధ్యలో మోగుతుంది. నువ్వు "ఊఁ" అంటే చాలు, మీ వదిన "ఏమంటున్నాడు?" అని అడుగుతుంది. ఇది నీకొక్కదానికే చెప్పాల్సిన మాట.

మనకు ఫ్లాటు దొరకలేదు.

ఈ నగరానికి వచ్చిన పదో రోజే దొరికిందని చెప్పాను కదా, రెండు గదులు, గాలీ వెలుతురూ, వంటింట్లో పెద్ద కిటికీ అని. అవేవీ లేవు. మూడు నెలలుగా నేనుంటున్నది ఒక ఎనిమిదంతస్తుల బిల్డింగు పైన, లిఫ్టు మెషిను గదిలో. లిఫ్టు మెకానిక్‌ని కదా, లిఫ్టు ఆగినప్పుడల్లా వెంటనే చూడాలన్న షరతు మీద అక్కడి వాచ్‌మన్ నన్ను ఉండనిచ్చాడు. ఒక చాప, ఒక పెట్టె, పక్కన మోటారు. కింద ఎవరు మీట నొక్కినా నా తల దగ్గర చక్రం తిరుగుతుంది. ఎవరు ఏ అంతస్తుకు వెళ్తున్నారో పడుకునే చెప్పగలను. పిల్లలు ఊరికే పైకీ కిందికీ తిరుగుతుంటే అది కూడా తెలిసిపోతుంది.

ఎందుకు అబద్ధమాడానంటావా? నేను బయల్దేరిన రోజు మీ అన్నయ్య గుమ్మంలో నిలబడి, "ఆ ఊళ్ళో నీకు కుక్కల గూడు కూడా దొరకదు బావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నువ్వు మాత్రం నవ్వలేదు, వరండాలో తల వంచుకుని నీ కుట్టు మిషను మీద పట్టా కప్పుతున్నావు. ఇంట్లో చోటున్నా, శబ్దం పడదని మీ వదిన దాన్ని జల్లు కొట్టే చోట పెట్టించింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది చూసినప్పుడల్లా నాకెంత కష్టంగా ఉండేదో నీకెప్పుడూ చెప్పలేదు. అందుకే పదో రోజున నువ్వు ఫోనులో "దొరికిందా?" అనగానే "దొరికింది" అనేశాను. మీ అన్నయ్యకు వినపడాలని గట్టిగా కూడా అన్నాను. ఇక అక్కడినుంచి ఒకదానికొకటి అతికించుకుంటూ పోయాను. కర్టెన్లు కుడతాను, కిటికీ కొలతలు చెప్పమని నువ్వంటే, ఎనభై సెంటీమీటర్ల వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు అని తడుముకోకుండా చెప్పేశాను. లేని కిటికీకి కొలతలు చెప్పిన మొగుణ్ణి ఎక్కడైనా చూశావా?

వెతకలేదనుకోకు. కాళ్ళరిగేలా తిరిగాను. ఒక బ్రోకరు చూపించిన గదికి కిటికీయే లేదు. అదేమిటంటే, గోడకు మంచి సీనరీ తగిలించుకోమన్నాడు. ఇంకోచోట స్నానాల గదిలోనే స్టవ్వు గట్టు కట్టారు. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయట. మనకు అందే అద్దెల్లో ఇలాంటివే ఉన్నాయి. మనిషి ఉండదగ్గవాటి అద్దె వింటే చుక్కలు కనిపిస్తున్నాయి. ఒకటి రెండు కుదిరేలా ఉన్నా, ఒంటరి మగాడికి ఇవ్వం, ఫ్యామిలీని తీసుకొచ్చి అడగమన్నారు. ఇల్లుంటేనే కదా ఫ్యామిలీని తెచ్చేది.

నెలాఖరుకి నువ్వు మన గడుగ్గాయిని తీసుకుని వస్తానంటున్నావు. బడి తెరిచేలోపు రాకపోతే దానికి ఈ ఏడు సీటు పోతుంది. ఇంకా ఇరవై రోజులుంది. ఈలోపు దొరక్కపోతే మాత్రం మీరు రావద్దు. మీ అన్నయ్యకు నేనే ఫోను చేసి, అబద్ధమాడానని ఒప్పుకుంటాను. నిన్ను ఒక్క మాట అననివ్వను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, లోపల దాచుకోకు.

నీ
అబద్ధాలకోరు


దొరసానీ,

కూర్చుని చదువు. దొరికింది. ఈసారి నిజంగానే దొరికింది. తాళంచెవి నా చొక్కా జేబులో ఉంది, గంటకోసారి తడిమి చూసుకుంటున్నాను.

నీకు ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే మా సూపర్‌వైజరు నన్నొక పాత ఆరంతస్తుల బిల్డింగుకు పంపాడు. అక్కడ లిఫ్టు ఆగిపోయి పద్నాలుగు నెలలైంది. ఇక దాన్ని విప్పి పాత ఇనుముకు అమ్మేద్దామని ఓనర్లు అనుకున్నారు. ఎంత తూగుతుందో చూసి చెప్పడం నా పని. కింది ఇంటాయన తను ఎక్కని లిఫ్టుకు తనెందుకు ఖర్చుపెట్టాలంటాడు. పైవాళ్ళు ఆయన మీద కారాలు మిరియాలు నూరుతున్నారు. ఆ గొడవలో పడి దాన్ని తెరిచి చూసినవాడే లేడు.

నేను మెట్లెక్కి ఆరో అంతస్తుకు వెళ్ళాను. అక్కడొక తలుపుకు "అద్దెకు ఇవ్వబడును" అన్న అట్ట దుమ్ముపట్టి వేలాడుతోంది. వాచ్‌మన్‌ని అడిగాను. అది రిటైరైన ఒక లెక్కల టీచరమ్మ ఇల్లట. మోకాళ్ళు పట్టేసి, మెట్లెక్కలేక, నగరం చివర కొడుకు దగ్గర ఉంటోందట. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు నాలుగో అంతస్తుకే ఆయాసపడి వెనక్కి పోతుంటే, పాపం, ఆవిడ అద్దె తగ్గిస్తూ తగ్గిస్తూ మనలాంటివాళ్ళకు అందేంత కిందికి తెచ్చింది. ఆ మాట వినగానే టీచరమ్మ అడ్రసు రాసుకున్నాను.

మెషిను గది తెరిచాను. మోటారు రాయిలా గట్టిగా ఉంది. చక్రాలకు, తాళ్ళకు ఏమీ కాలేదు. ఎలుకలు వైర్లు కొరికేశాయి, రెండు అంతస్తుల్లో తలుపు లాకులు అరిగిపోయాయి, అంతే. నిక్షేపంలాంటి లిఫ్టును వీళ్ళు పాత సామాన్లవాడికి ఇవ్వబోతున్నారు.

అప్పుడు నాకో దుర్బుద్ధి పుట్టింది, నీ దగ్గర దాచను. ముందు నోరు మూసుకుని ఇల్లు తీసుకుని, కాగితాలు రాయించుకుని, ఆ తర్వాత లిఫ్టు సంగతి బయటపెడితే ఏం పోయింది? టీచరమ్మ దగ్గరికి బస్సులో వెళ్తున్నంతసేపూ అదే ఆలోచన. తీరా ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె కళ్ళద్దాల పైనుంచి చూస్తుంటే నావల్ల కాలేదు. నీకు చెప్పిన అబద్ధాన్ని మూడు నెలలుగా మోస్తున్నాను, ఇంకొకటి మోసే ఓపిక లేదు. ఉన్నదంతా చెప్పేశాను. లిఫ్టు బాగవుతుంది, నేనే చేస్తాను, బాగైతే మీ ఇంటి అద్దె పెరుగుతుంది, పెరిగితే నాకు అందదు, నా పెళ్ళానికీ బిడ్డకూ ఈ నెలాఖరులోపు ఇల్లు కావాలి అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. నా పని అయిపోయిందనుకున్నాను.

"నా ఇంట్లో నేను అడుగుపెట్టి ఏడాది దాటింది," అంది చివరికి. "ఆ లిఫ్టులో నన్ను నా గుమ్మం దాకా తీసుకెళ్ళు. మూడేళ్ళ పాటు నీ దగ్గర ఇప్పుడున్న మెట్ల అద్దే తీసుకుంటాను. కాగితం మీద రాసిస్తా."

మిగతా ఓనర్లను ఆమే దారికి తెచ్చింది. కింది ఇంటాయన ఒకప్పుడు ఆమె దగ్గర చదువుకున్నవాడట. ఫోనులో ఆమె గొంతు వినగానే లేచి నిలబడ్డాడని వాచ్‌మన్ నవ్వుతూ చెప్పాడు. సామాను ఖర్చు అందరూ పంచుకున్నారు, కంపెనీ పని నాకే అప్పగించింది. తొమ్మిది రోజులు పట్టింది.

నిన్న మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని లిఫ్టులోకి నడిచింది. మీట ఆమెనే నొక్కమన్నాను. కదిలింది. ఒక్క కుదుపు లేదు, దొరసానీ! అంతస్తు దాటినప్పుడల్లా తలుపు అవతల జనం చప్పట్లు కొడుతున్నారు. పైకి వెళ్ళాక ఆమె తన గుమ్మం దగ్గర నిలబడి, తలుపు చెక్కను చేత్తో తడిమి, ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగింది. కుట్టుపని అన్నాను. "అయితే మిషను ముందు గదిలో వేసుకోమను, వెలుతురు అక్కడే బాగుంటుంది," అంది. శబ్దం గురించి ఒక్క మాట అనలేదు.

వంటింటి కిటికీ టేపు పెట్టి కొలిచాను. నూటపది వెడల్పు, నూట ఇరవై ఎత్తు. నువ్వు కుట్టినవి సరిపోవు. గుడ్డంతా పాడుచేయించాను, అదొక్కటే బాధ. సామాను పైకి ఎక్కించడానికి ఇబ్బంది లేదు, లిఫ్టు తలుపు నేను రోజూ బిగించే తలుపుల సైజే. రండి.

నీ
ఆరో అంతస్తు ఆసామి


లిఫ్టు దొరగారికి,

మీ మొదటి ఉత్తరం ఎక్కడెక్కడ తిరిగిందో గానీ, రెండూ ఇవాళ పొద్దున ఒకేసారి వచ్చాయి. పైనున్నది ముందు చింపాను. అది రెండోది. మీరు గెలిచిన సంగతి చదివాకే మీరు తప్పు ఒప్పుకోవడం చదివాను కాబట్టి బతికిపోయారు.

అయినా కొత్తగా తెలిసిందేముంది? ఏమండీ, పదకొండేళ్ళుగా మీతో కాపురం చేస్తున్నాను. ఎనభై వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు కిటికీ ఏ వంటింట్లో ఉంటుందండీ? నిద్రలో లేపి అడిగినా మీరు చెప్పే లిఫ్టు తలుపు కొలత కదా అది. ఆ రోజు ఫోను పెట్టేసి, వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఇల్లు లేదని కాదు. ఎక్కడ పడుకుంటున్నారో, ఏం తింటున్నారో అని ఏడ్చాను. అడిగితే మీరు చిన్నబుచ్చుకుంటారని అడగలేదు. కిటికీ ఎంత ఉంటుందని వదిన అడిగితే, తలుపంత ఉంటుందని గొప్పగా చెప్పాను. ఆవిడ వీధంతా చాటింది. అన్నయ్య ఒకసారి వచ్చి ఇల్లు చూసి వెళ్తానంటే, ఏవో సాకులు చెప్పి ఆపింది నేనే. ఆ అబద్ధంలో సగం వాటా నాది.

మమ్మల్ని రావద్దని రాశారు. టిక్కెట్లు ఆ కొలతలు విన్న వారమే తీసుకున్నాను. దొరక్కపోయినా వచ్చేదాన్నే. ఇళ్ళవాళ్ళు ఫ్యామిలీని తీసుకొచ్చి అడగమన్నారుగా, ముగ్గురం కలిసి అడిగేవాళ్ళం.

మధ్యాహ్నం అన్నయ్యనూ వదిననూ కూర్చోబెట్టి, రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. మిషను సంగతీ, శబ్దం సంగతీ వదలకుండా చదివాను. వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్నయ్య వరండాలోకి వెళ్ళి, మిషను మీద పట్టా తీసి, తనే తుడిచి నూనె వేశాడు. "ఆ గూడు మాట అనకుండా ఉండాల్సింది, బావతో చెప్పు," అన్నాడు. ఇదుగో, చెప్పాను.

గుడ్డ గురించి బెంగ వద్దు. దానికి ఇంకా కత్తెర పెట్టలేదు. మీరు టేపు పెట్టి కొలిచినా సరే, నేనొచ్చి మళ్ళీ కొలిచాకే కోస్తాను.

మిషను కాళ్ళు విప్పకుండా ఆ లిఫ్టులో పడుతుందా అని గడుగ్గాయి అడుగుతోంది. పడుతుంది, ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగులుతుంది. మీరు ఆ కొలతలు చెప్పిన రోజే, కళ్ళు తుడుచుకుని, మిషను పక్కన టేపు పెట్టి చూసుకున్నాను. మీరు ఎక్కడుంటున్నారో తెలియదు గానీ, ఎక్కడున్నా మీ దగ్గరికి రావాలంటే అలాంటి లిఫ్టు తలుపులోంచే కదా రావాలి.

మీ
దొరసాని