గొంతు లేని జనవరి

1987 జనవరి 6, మంగళవారం

ఇరవై ఒక్క రోజులు. ఒక్క మాట కూడా వద్దట.

పెద్దాసుపత్రి. గొంతులోకి చిన్న అద్దం దించి చూసింది డాక్టరమ్మ. లోపల గింజంత వాపు. "గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెడ్డది" అంది. మూడు వారాల తర్వాత మళ్ళీ చూస్తుంది. తగ్గకపోతే ఆపరేషన్.

క్రిస్మస్‌కి పది రోజులు ఇల్లిల్లూ తిరిగి పాడాను. కొత్త సంవత్సరం ఆరాధనలో అరిచాను. అసలు పద్నాలుగేళ్ళుగా అరుస్తూనే ఉన్నాను — కింద రేకు పెట్టెల కార్ఖానా, పైన మా ప్రార్థన గది. వాళ్ళకు సెలవు శుక్రవారం, మాకు ఆరాధన ఆదివారం. సుత్తుల మీద గెలవాలంటే అరవక తప్పదనుకున్నాను.

బస్సులో సుగుణ ఒకటే నవ్వు. "పెండ్లయినంక మొదటిసారి నేను మాట్లాడుత, నువ్వు ఇంటవు." ఇంటికి వచ్చాక మాత్రం నల్లా విప్పి చాలాసేపు ముఖం కడుక్కుంది.

గొంతు పోతే పాస్టరు దగ్గర ఏం మిగులుతుంది? ప్రభువా... అడగడం కూడా ఈ కాగితం మీదే.

జనవరి 7, బుధవారం

పాలవాడికి ఒక వేలు ఎత్తి చూపించాను — ఒక్క లీటరే అని. వాడు నా వేలు చూపిన వైపు పైకి చూసి, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మా పాలు మూడో అంతస్తులో దొరికాయి.

నవ్వు కూడా చప్పుడు లేకుండా నవ్వాలి. పొట్ట నొప్పి.

జనవరి 8, గురువారం

ఇంట్లో ఊరికే కూర్చోలేను. నీళ్ళు నేను పడతానని పలక మీద రాసి సుగుణకి చూపించాను. నమ్మలేదు. హండా చేతికిచ్చింది.

నల్లా దగ్గర అందరూ ఆడవాళ్ళే. నన్ను చూడగానే "అయ్యగారొచ్చిండ్రు" అని కొంగులు సర్దుకుని ఊరుకున్నారు. రెండో హండా నిండేసరికి నేనున్న సంగతే మరిచిపోయారు. అత్త, ఆడబిడ్డ, మోకాళ్ళ నొప్పి, కొడుకు తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు చెప్పడం... మా సంఘంలోని ఆడవాళ్ళే సగం మంది. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చేశాను, కాని వాళ్ళ మాట ఎప్పుడు విన్నాను?

వరసలో చివర బాలమణి. నా వైపు చూడలేదు. చూడదు కూడా.

నవంబరులో కోత పండుగ ఆరాధన. నేను వాక్యం మధ్యలో ఉన్నాను. ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చి గడప మీద కాలు పెట్టింది. "కొందరి కోసం దేవుడు కూడా గడియారం ఆపి కూర్చోవాలి" అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నవ్వారు. గడప మీది కాలు వెనక్కి తీసేసుకుంది. క్రిస్మస్‌కి కూడా రాలేదు. "తప్పేమన్నాను?" అన్నాను సుగుణతో ఆ రోజు.

జనవరి 11, ఆదివారం

వాక్యం చెప్పడానికి మా సంఘపెద్ద దావీదు మేస్త్రీని నిలబెట్టాం. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో గోడలు కట్టినవాడు. చొక్కా తడిసిపోయింది. "నాకు ఇటుకలు ఎరుక గాని వాక్యమేం ఎరుక" అంటూ జేబులోంచి దారానికి కట్టిన ఇత్తడి గుండు తీశాడు. ఎత్తి పట్టుకున్నాడు. ఊగింది... ఊగింది... నిలిచింది. పిల్లలతో సహా అందరి కళ్ళూ దాని మీదే.

"గోడ వంకరుంటె మేం గోడను తిట్టం. ఈ దారం పక్కన పెడ్తం. వంకర ఎంతుందో గోడకే తెలుస్తది. దేవుడు గూడ మనతోని గిట్లనే చేస్తడు. బస్. ఆమెన్."

కూర్చున్నాడు. ఏడు నిమిషాలు, చదవడంతో కలిపి. నాకైతే నలభై పట్టేది.

మిగిలిన సమయం ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. ఇంటికీ వెళ్ళలేదు. సుగుణ టీ పెట్టింది. చాపల మీద గుంపులు గుంపులుగా కూర్చుని మాట్లాడుకున్నారు. కింద సుత్తులు ఎప్పుడు ఆగాయో నేను గమనించనేలేదు.

అసూయ. రాయకపోతే అబద్ధమవుతుంది. అసూయే.

రాత్రి భోజనం చేస్తుంటే తట్టింది. గోడను తిట్టినవాడిని నేనే కదా.

జనవరి 13, మంగళవారం

ఈ రోజు ముగ్గురు వచ్చి మనసు విప్పుకుని వెళ్ళారు. నేను జవాబు చెప్పగలిగి ఉంటే ఒక్కరూ అంతసేపు కూర్చునేవాళ్ళు కాదు.

జనవరి 15, గురువారం

బాలమణి తన నీళ్ళు పట్టుకున్నాక మళ్ళీ వచ్చింది. ఇంకో రెండు హండాలు. తన గదికి కాదు, మూడో అంతస్తుకి. అక్కడ ఉండేది నర్సమ్మవ్వ — పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చి, తుంటి విరిగి ఇప్పుడు గది దాటలేని ముసలామె. గుమ్మానికి ఎల్లమ్మ పటం. నన్ను పాద్రీ అంటుంది. ఆమెకూ బాలమణికీ చుట్టరికం లేదు.

ఆదివారాలు నల్లా ఆలస్యంగా వస్తుంది. అంటే... ప్రతి ఆదివారం ఈ మెట్లెక్కి ఆ నీళ్ళు పోసి, అప్పుడు ఆరాధనకు వస్తోంది. దాని మీద నేను గడియారం మాట అన్నాను.

తలుపేసుకుని కూర్చున్నాను. సుగుణ రెండుసార్లు పిలిచింది.

జనవరి 16, శుక్రవారం

పలక మీద క్షమాపణ. రాసి తుడిచి, రాసి తుడిచి. ఐదోసారికి బాగా కుదిరింది. మంచి మాటలు.

సుగుణ చదివింది. "మంచిగుంది. కాని బాలమణికి చదువు రాదు గద?"

...

"నేను పోయి చెప్పాల్నా?" అంది. వద్దని తల ఊపాను. నా నోటితో అన్నది నా అంతట నేనే వెనక్కి తీసుకోవాలి. నోరే లేదు.

జనవరి 17, శనివారం

బాలమణి కంటే ముందు వెళ్ళి అవ్వ హండా నింపాను. మూడు అంతస్తులు. సగం నీళ్ళు మెట్లకే పోశాను. నర్సమ్మవ్వ మంచం మీద నుంచి చూసి గట్టిగా — చెవులు సరిగా వినపడవు కనక ఎప్పుడూ గట్టిగానే — "పాద్రీ! నువ్వు తెస్తివా నీళ్ళు? నా ఎల్లమ్మను జూసి నీ దేవుడు ఏమనడు గద?"

అనడని చేయి ఊపాను.

"అయితే రేపు గూడ తే."

జనవరి 18, ఆదివారం

బాలమణి రాలేదు. నేను గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. దావీదు మేస్త్రీ ఈసారి ఐదు నిమిషాలే.

జనవరి 20, మంగళవారం

దీన్ని సరిగ్గా రాయాలి.

రెండో అంతస్తు మలుపు. నేను ఎక్కుతున్నాను, బాలమణి ఖాళీ హండాతో దిగుతోంది. పక్కకు తప్పుకుంది. నా భుజం మీద హండా చూసి ఆగలేకపోయింది. "గట్ల కాదు అయ్యగారూ. నడుం మీద వెట్టుకోవాలె. భుజం పడిపోతది."

రెండు నెలల్లో నాతో మొదటి మాట.

హండా దించాను. ప్రార్థన గది గుమ్మం వైపు చూపించాను. నా నోరు చూపించాను. ఇక ఏం చెయ్యాలో తోచక, చిన్నప్పుడు మా అమ్మ ముందు చేసినట్టు, రెండు చేతులతో చెంపలు వేసుకున్నాను. అటూ ఇటూ. నా వయసు నలభై మూడు.

"అరె, అరె! గిదేంది! ఎవలన్న జూస్తె..." అని నవ్వింది. నవ్వు ఆగక గోడకు ఆనుకుంది. నేను మూడో అంతస్తు వైపు, హండా వైపు, నా గుండె వైపు చూపించాను. అర్థం చేసుకుంది.

"అవ్వ నీళ్ళకోసం ఆలస్యమైతున్ననుకుంటున్నరా? అది పది నిమిషాల పని. నేను కావాలనే ఆలస్యంగొస్త." ఖాళీ హండా చంకకు మార్చుకుని, "మీ మొదటి ప్రార్థన అరగంట, అయ్యగారూ. మోకాళ్ళ మీద నాతోని అయితలేదు. కింద మెట్ల మీద కూసుంట. పాట ఇనవడంగనే పైకొస్త."

నేను నోరు తెరిచే ఉన్నాను. మాట రాకపోవడానికి డాక్టరమ్మ కారణం కాదు.

అప్పుడు నవ్వు తగ్గించి అంది — "ఆలస్యమని తిట్టుండ్రి, పర్వాలేదు. కాని గంతమందిల నన్ను జూసి నవ్వేటట్టు చేసిండ్రు. ఇంటికి వొయ్యి అన్నం తినలే ఆ దినం."

మళ్ళీ చెంపలు వేసుకున్నాను. ఈసారి ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

హండా ఎత్తి నా నడుం మీద తానే సర్దింది. "వస్తనో రానో... చూస్త" అని దిగిపోయింది.

జనవరి 21, బుధవారం

పలకకు రెండు వైపులా రాసి సుగుణకి మొత్తం చెప్పాను. అరగంట ప్రార్థన దగ్గరకు రాగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కూడా?" అని రాశాను.

"నేను ఆ అరగంటల కూరకేం జెయ్యాల్నో అనుకుంట. పద్నాలుగేండ్ల సంది."

జనవరి 25, ఆదివారం

వచ్చింది. తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి చూసినవాళ్ళ వైపు తానూ అలాగే చూసింది.

మొదటి ప్రార్థన ఎవరు చేయాలి? దావీదు మేస్త్రీ లేచి, "అందరు కండ్లు మూసుకోండి, అయ్యగారు చేస్తరు" అన్నాడు. పొరపాటున అన్నాడో తెలిసే అన్నాడో. నేను ముందుకెళ్ళి నిలబడ్డాను. చేతులు చాపాను. మాటలు లేవు.

మొదట సుత్తులే వినిపించాయి. తర్వాత సుత్తుల మధ్య ఖాళీలు. ఫాక్‌లాండ్ రోడ్డు మీద బస్సు బ్రేకు. పైన నర్సమ్మవ్వ దగ్గు. ఎవరిదో బిడ్డ పాలు తాగుతున్న చప్పుడు. ముందు వరసలో ఒకాయన ఊపిరిలో సన్నని కూత — ఉబ్బసం. పద్నాలుగేళ్ళుగా నా ఎదుటే కూర్చుంటున్నాడు, ఎన్నడూ వినలేదు. ఆ గదిలో నలభై మంది ఊపిరి తీస్తున్నారు, వదులుతున్నారు. నేను రమ్మని పిలవకముందే ప్రభువు అక్కడున్నాడు. నా కంటే ముందే వచ్చి, చాప మీద, వాళ్ళ మధ్య. ఇన్నేళ్ళూ కేకలు పెట్టి ఎవరిని పిలిచాను?

కళ్ళు తుడుచుకుంటుంటే గుమ్మం దగ్గర నుంచి బాలమణి గొంతు —

"అయిపోయిందా?"

గది మొత్తం నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది బాలమణే.

జనవరి 27, మంగళవారం

ఆసుపత్రి. వాపు సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు. రోజుకు పది నిమిషాలు మాట్లాడవచ్చు. మెల్లగా. పాడొద్దు, అరవొద్దు. నెల తర్వాత మళ్ళీ చూసి, కోయాలో వద్దో చెబుతుందట.

"మీరేం పని చేస్తారు?" అని ఇప్పుడు అడిగింది. పాస్టరునని రాసి చూపించాను. కలం కింద పెట్టి నా వైపు జాలిగా చూసింది.

జనవరి 28, బుధవారం

మొదటి మాట — సుగుణ. పేరే పిలిచాను. ఎప్పుడూ 'ఏమే' అనే పిలిచేవాణ్ణి.

"ఎవరిదో గొంతు లెక్కుంది" అంది. ఇంకోసారి పిలవమంది.

జనవరి 31, శనివారం

ఈ రోజు పది నిమిషాలు మధ్యాహ్నానికే ఖర్చు. దావీదు మేస్త్రీ వచ్చాడు. "రేపు వాక్యం మీరే చెప్పాలె. పదంటె పది నిమిషాలు. చాలు మాకు." సంఘమంతా ఎదురుచూస్తోందట. నాకూ... దాచడమెందుకు, నాలుక దురద పెడుతోంది. ఏం చెప్పాలో నాలుగు కాగితాలు రాసి, మూడు చింపాను.

సాయంత్రం నీళ్ళు తీసుకెళ్తే నర్సమ్మవ్వ దిండు కిందినుంచి ఇన్‌లాండ్ లెటర్ తీసింది. ఊరి నుంచి కూతురు రాయించిందట. ఎనిమిది నెలలకు వచ్చింది.

"రేపు పొద్దుగాల వచ్చి సదువు, పాద్రీ. జెర గట్టిగ సదవాలె, నాకు ఇనవడదు. ఇయ్యాల నీ మాటలన్ని అయిపోయినయంట గద, బాలమణి జెప్పింది."

కింద సుగుణ ఉందని, తను చదువుతుందని చేతులతో చెప్పాను. అవ్వ చెయ్యి అడ్డంగా ఊపింది.

"నీ పెండ్లానికి ఇయ్యకు. నల్లా కాడ అందరికి ఎరుకైతది. నువ్వయితె మంచిది. రెండు వారాల సంది జూస్తున్న, నీ నోట్లకెల్లి ఒక్క మాట బయటికి రాలె."

ఉత్తరం నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

మెల్లగా చదివితే ఆమెకు వినపడదు. గట్టిగా చదవొద్దన్నారు. తొమ్మిదికి ఆరాధన. ఉన్నవి పది నిమిషాలు.

విప్పకుండానే దీపానికి అడ్డంగా పట్టి చూశాను. మూడు మడతల నిండా రాశారు. అంచుల్లో కూడా.