మా ఇంట్లో మోటారు లేదని మనవి

గృహవసతి అధికారి గారి సముఖమునకు, మూడో అంతస్తులో కాపురముండు దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: అనుమతి లేని మోటారు నడుపుచున్నామని తమరు పంపిన నోటీసు రద్దు గురించి.

1. మా ఇంటినుండి మోటారు చప్పుడు వచ్చుచున్నదని కింది వాటా పెద్దాయన ఫిర్యాదు చేయగా, తమ ఇన్‌స్పెక్టరు గారు ఒక మధ్యాహ్నం తనిఖీకి వచ్చిరి. నా కుట్టుమిషను కాలితో తొక్కేదని చూపితిని. అయినను గుర్రుగుర్రుమని చప్పుడు వచ్చుచునే ఉన్నది. వారు మంచం కింద, బీరువా వెనుక వెతికి, చివరకు మంచం మీద నిద్రపోవుచున్న మా ఐదేళ్ళ బుడంకాయ దగ్గర ఆగిరి. సదరు మోటారు మా అమ్మాయే. గురకలో అచ్చం మా మామగారి పోలికని అంతవరకు మురిసిపోయెడివారము.

2. అంతలో చప్పుడు ఆగినది. "మళ్ళీ మొదలవుతుంది లెండి," అన్నది నా భార్య. కాసేపటికి పిల్ల ఉలిక్కిపడి, గుటకవేసి, ఊపిరి తీసుకొన్నది.

"మోటారు ఆగితే ఫరవాలేదు. పిల్లకి ఊపిరి ఆగకూడదమ్మా. మా అక్క కొడుక్కీ ఇలాగే ఉండేది. రేపే ఆస్పత్రికి తీసుకెళ్ళండి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

3. గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనుక కండ పెరిగి నిద్రలో ఊపిరికి అడ్డుపడుచున్నవని, బడిలో కునికిపాట్లు కూడా అందువలననేనని, ఆపరేషను చేసి రెండూ తీసివేయవలెనని డాక్టరమ్మ సెలవిచ్చిరి. పిల్లను లోపలికి తీసుకుపోయిన పిమ్మట నేను వరండాలో నా చొక్కా గుండీలన్నీ మెలిపెట్టి తెంపుకొంటిని. వృత్తిరీత్యా తిరిగి కుట్టుకొంటిని గనుక ఆ నష్టము ఇందు చేర్చలేదు.

4. పిల్ల క్షేమముగా ఇల్లు చేరినది. గొంతునొప్పి తగ్గువరకు ఐస్‌క్రీములు మోసుకొచ్చినది కింది పెద్దాయనే. ఇప్పుడు నిద్రలో చప్పుడన్నది లేదు. మేమే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూచుకొని, ఒకరి మొహం ఒకరం చూసి నవ్వుకొని పడుకొందుము.

5. పగటి సంగతి వేరు. కునికిపాట్లు పోయి కోతి చేష్టలు వచ్చినవి. మంచం మీదనుండి దూకుచున్నది, ఎలుగెత్తి పాడుచున్నది. ఐస్‌క్రీము పెట్టిన చేత్తోనే పెద్దాయన రెండో ఫిర్యాదు వ్రాసిరట. అందులో ప్రతి అక్షరమూ నిజము.

కావున మొదటి నోటీసు రద్దుచేసి, రెండవది మాత్రము తప్పక పంపించ ప్రార్థన. ఫ్రేము కట్టించుకొందుము. మా సంతోషమును కూడా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ, బుడంకాయ నాన్న

తా.క.: ఇన్‌స్పెక్టరు గారికి ఒక చొక్కా కుడుతున్నాను సార్. లంచం అనుకోకండి, పని అయిపోయాక ఇచ్చేది లంచమెలా అవుతుంది? ఆ రోజు పాపను చూస్తూ ఆయన కూడా ఊపిరి బిగబట్టి నిలబడిపోయారు. కొలత అప్పుడే కంటితో తీశాను. ఛాతీ దగ్గర కాస్త వదులు పెడతాను, హాయిగా ఊపిరి పీల్చుకోమనండి.