పద్మ రాసిన రికార్డు

నవంబర్ 12, బుధవారం

నెల దాటింది. ఒకసారి రాసి పెడితే రోజూ మొదటి నుంచి తలుచుకోవడం ఆగుతుందేమో.

ఆ రోజు రెండో శనివారం. నా భార్య పద్మకు బడి సెలవు, నాకు కాలేజీలో ల్యాబ్. పొద్దున ఉప్మా చేసింది. తిన్నాక నా ల్యాబ్ రికార్డు ముందేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. పక్కన సీనియర్ శిరీష రికార్డు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. అందులోవి నా దాంట్లోకి ఎక్కిస్తోంది — కుడి పేజీలో పెన్నుతో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్. "నువ్వు పో, స్టూడెంటూ. నీ హోంవర్క్ నేను జేస్త. మా మూడో తరగతి పోరగాళ్లు నయం, వాళ్లది వాళ్లే రాస్కుంటరు." నవ్వి చెప్పులేసుకున్నాను.

పదకొండున్నరకు కింది వాటా ఆవిడ ఫోన్. కుర్చీలోంచి ఒరిగిపోయిందని. నేను ఆసుపత్రికి చేరేసరికి స్పృహ లేదు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. రెండున్నరకు అయిపోయింది.

ఇంటికి వచ్చాక చూశాను. బల్ల మీద పెన్ను, మూత పెట్టి ఉంది.

నవంబర్ 17, సోమవారం

కాలేజీకి వెళ్లాను. ఇస్నాపూర్ దాకా షేర్ ఆటో, అక్కణ్నుంచి బస్సు. ఇరవై రెండేళ్ల పిల్లల మధ్య నాకు నలభై ఒకటి. ఎప్పుడూ "అంకుల్, మీకు లోన్ ఇస్తారా, పెన్షన్ ఇస్తారా" అని ఏడిపించేవాళ్లు. ఇవాళ ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

నవంబర్ 22, శనివారం

ల్యాబ్. నేను ఆపిన చోటి నుంచే, ఐదో ప్రయోగం. ఇంటికొచ్చి రాద్దామని రికార్డు తెరిచాను. రాసి ఉంది. ఆ రోజు రాసిందే. ఇంకా ఎన్ని రాసిందో... ముందుకు తిప్పి చూడలేదు. వారానికి ఒకటి.

నవంబర్ 29, శనివారం

ఆరోది. ఉంది.

డిసెంబర్ 3, బుధవారం

వంటింట్లో ఉంటే, ముందు గదిలో కాగితం తిప్పిన చప్పుడు. ఫ్యాన్ గాలి. తెలుసు. అయినా వెళ్లి చూశాను.

డిసెంబర్ 6, శనివారం

ఏడోది. ఉంది. అవుట్‌పుట్ కింద పెన్సిల్‌తో చిన్నగా — "ఇది నాకు అర్థమైంది." చెరిపేయాలి. చెరపలేదు.

డిసెంబర్ 9, మంగళవారం

గడ్డపోతారంలో నేను పనిచేసిన కంపెనీ బస్సు వీధి చివర హారన్ కొట్టింది. ఇప్పటికీ కాలు లేవబోతుంది. దగ్గు తగ్గక పని మానేసిన వారం పద్మే ఫారం తెచ్చింది. "ఎంసీఏ రెండేండ్లే గద. సదువు. ఇల్లు నా జీతంతోని నడుస్తది. పరేషాన్ గాకు."

నా రాత నాకే అర్థం కాదు. అందుకని మొదటి ఏడాది రికార్డులన్నీ ఆమే రాసింది. పోయిన ఏడు ల్యాబ్ మేడం నా రికార్డు ఎత్తి క్లాసంతటికీ చూపించారు. "చూడండి, ఈ వయసులో ఎంత శ్రద్ధో. రైటింగ్ అంటే ఇలా ఉండాలి." తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు. ఇంటికొచ్చి చెబితే పద్మ గెంతింది. "అబ్బ! ఎంసీఏల నాకు ఫస్ట్ ర్యాంకొచ్చింది!"

డిసెంబర్ 13, శనివారం

ఎనిమిదోది. ల్యాబ్‌లో చేసింది ఒకటి, పేజీలో ఉన్నది ఇంకొకటి. శిరీషది పాత సిలబస్. మా బ్యాచ్‌కి మారింది. మారిందని నోటీసు బోర్డులో పెట్టారు, నేనే చదివాను. ఆ రికార్డు అడిగి తెచ్చిందీ నేనే.

మిగతావి తిప్పాను. తొమ్మిదోదీ పాతదే. పదో దాంట్లో నాలుగు లైన్లు. అంతే.

ఆ పొద్దు ఆమె చివరగా రాసినవేవీ పనికిరావు. ఆ నాలుగు లైన్ల దగ్గర మూత పెట్టింది. అప్పటికే తల నొస్తోందా? నాకు ఫోన్ చేయాలనుకుందా?

జనవరి 10, శనివారం

ల్యాబ్‌కి వెళ్తున్నాను. ప్రోగ్రాములు చేస్తున్నాను. రికార్డు ముట్టడం లేదు.

జనవరి 24, శనివారం

మేడం రికార్డు తిప్పి చూశారు. "ఎనిమిది నుంచి ఇదేంటండీ? ఇవి పాత సిలబస్‌వి కదా. ముందే రాసేసుకున్నారా?" చేయి చాచి రికార్డు తీసుకోబోయాను. "సర్లెండి. అవి అడ్డంగా కొట్టేసి, వెనకాల కొత్తవి ఐదూ రాసుకురండి. వచ్చే శనివారం లోపు. నా సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. మీకు చెప్పాలా?" మళ్లీ, "మీ రైటింగ్‌కి రెండు రోజుల పని" అన్నారు.

జనవరి 26, సోమవారం

ఎనిమిదోది నా చేత్తో ఒక పేజీ. పక్కన ఆమెది. పసివాడు చూసినా రెండు చేతులని చెప్తాడు.

వేరే కాగితం తీసుకుని ఆమె రాత చూస్తూ రాశాను. g తోక, t మీద గీత, అక్షరాల మధ్య ఎడం. పది కాగితాలు పోయాయి. పదకొండోది వచ్చింది. రికార్డులో రెండు పేజీలు రాశాను. ఆపి చూశాను. నా చేయి కాదు అది. లేచి ముఖం కడుక్కున్నాను.

కంపెనీలో ఒకరి లాగ్‌బుక్ ఇంకొకరు నింపితే ఉద్యోగం పోయేది. నాతో పనిచేసే మధు అలా నింపితే పట్టించింది నేనే. "ఒక్కసారికి వదిలేయన్నా" అన్నాడు. వదల్లేదు.

జనవరి 28, బుధవారం

కొండాపూర్ నుంచి అత్తమ్మ వచ్చింది. పచ్చి కందికాయ, నాలుగు జొన్నరొట్టెలు. "ఇంత సన్నగైనవేంది కొడుకా, తింటున్నవా లేదా?" బల్ల మీద రికార్డు చూసింది. "గిదేనా, ఆ పొద్దు రాసింది?"

ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ మీద అరచేయి వేసి తిప్పింది. "నాకు సదువు రాదు గని నా బిడ్డ రాత గుర్తువడ్త. పచ్చడి జాడీల మీద రాస్తుండె గద." నేను రాసిన పేజీ వచ్చింది. చేయి వేసింది. "గిది గూడ నా బిడ్డదే."

"అవునత్తమ్మా" అన్నాను.

రికార్డు మూసి, "గింత రాసింది. యాడనన్న దాని పేరున్నదా ఇందుల?"

"లేదు. నా పేరే ఉంటది."

"మంచిదే తీయ్. మొగని పేరేనాయె." కొంగుతో అట్ట తుడిచి బల్ల మీద పెట్టింది. దెప్పడానికి అనలేదు. దెప్పినా బాగుండేది.

జనవరి 29, గురువారం

రోజంతా రాశాను. నా రాతతోనే. ఐదూ.

జనవరి 30, శుక్రవారం

అనుకరించిన రెండు పేజీలు కొట్టేసి సంతకం పెట్టాను. ఆమె పాత సిలబస్‌వి కొట్టలేదు. మేడం కొట్టమన్నారు. స్కేలు పెట్టి, తీసేశాను.

మొదటి పేజీలో సర్టిఫికెట్ అచ్చువేసి ఉంది — ఇందులోని పని విద్యార్థి స్వయంగా చేసినది. ఖాళీలో నా పేరు. అది కూడా ఆమె రాతే.

నోరు మూసుకుంటే మేడం సంతకం అవుతుంది. రాత ఎందుకు మారిందంటే భార్య పోయిందని చెప్పొచ్చు. జాలిపడతారు, నమ్ముతారు. నిజం చెబితే ఈ ఒక్క రికార్డుతో ఆగదు. మొదటి ఏడాదివి కూడా తీస్తారు. ఆమె జీతం మీద నడిచిన చదువు ఇక్కడితో ఆగిపోవచ్చు. పద్మ ఉంటే ఏమనేది? "జెర సప్పుడు చేయకుండ సంతకం దెచ్చుకో" అనేది. కచ్చితంగా అదే అనేది.

ఈ ఒక్కటీ ఆమె మాట వినలేను.

రేపు పొద్దున తొమ్మిదింటికి మేడం గదికి వెళ్తాను. ఆవిడ సంతకానికి పెన్ను తీయకముందే చెప్తాను — ఏడు దాకా రాసింది నేను కాదు మేడం, మొదటి ఏడాదివీ నేను కాదు, నా భార్య పద్మ, మూడో తరగతి టీచరు. ఆ తర్వాత రికార్డు ఇస్తాను.