ఒళ్లో రాయి

పులివెందుల, శుక్రవారం రాత్రి

మా పాత కారుకు ప్రొద్దుటూరు మెకానిక్ ఖాసిం ఎత్తులో బండిని ఆపలేని కడ్డీ బ్రేకులు తీసేసి, ఆయిల్ బ్రేకులు బిగించాడు. ఈరోజు ముద్దనూరు దోవలో కనుమ ఎక్కించి చూశాను. పక్కన మా ఇంటామె, ఎప్పటిలాగే చక్రం కింద పెట్టే రాయిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎత్తు మధ్యలో బ్రేకు తొక్కాను. బండి వెనక్కి జారుతుందేమోనని భయపడ్డాను గానీ ఆమెకు తెలియనివ్వలేదు.

"దిగి రాయి పెట్టేదా?" అంది.

"వద్దులే. నిలబడింది గదా."

కిటికీలోంచి వంగి వెనక చక్రం వైపు చూసింది. "అయితే మన పాపను కాన్పుకు దీంట్లోనే ఈ కనుమ దాటి జమ్మలమడుగు ఆస్పత్రికి పిల్చుకోని పోదాం," అంది, నెలలు నిండిన మా కూతురిని తలుచుకుని.

ఆయిల్ ఎక్కడన్నా కారుతుందేమోనని నాకింకా భయమే. పొద్దున్నే బండి కింద చూడాలి. ఆమె మాత్రం ఇల్లు చేరగానే రాయిని దించి, పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేసింది.