బయటి గదిలో తాడాట

జూన్ 26, 1955. కర్నూలు.

సెలవులైపోయి హాస్టలుకు వచ్చి వారమైంది. అప్పుడే మోకాళ్లు పట్టేశాయి. మైదుకూరు దగ్గర మా పల్లెలో రెండు నెలలూ చేనికీ ఇంటికీ తిరిగాను, బావిలో నీళ్లు చేదాను, ఒక్కనాడూ ఒళ్లు నొప్పి అనలేదు. ఇక్కడ మేడ మెట్లెక్కితే రొప్పు. రాదా మరి? కాలేజీకి నడిచి పోకూడదట, పరదా కట్టిన జట్కాలో మూటల్లాగా కూర్చోవాలి. గ్రౌండు మగపిల్లలది. డ్రిల్లూ వాళ్లకే. పరాయి ఊరికి చదువుకు వచ్చేటప్పుడు ఆడపిల్ల కాళ్లు ఇంట్లో పెట్టి రావాలి కాబోలు.

జూన్ 28

పరుపు చుట్టకు కట్టి తెచ్చుకున్న తాడు విప్పి, మిద్దె మీద తాడాట ఆడుతున్నాను. వార్డెన్ వెంకటేశ్వరమ్మ చూసింది. ఏమ్మే సుబ్బరత్నా, సమర్తాడిన పిల్ల ఇట్ల ఎగరొచ్చునా, సిగ్గుండాల్నా వద్దా అని అందరి ముందూ అరిచింది. పక్కిళ్లవాళ్లు చూస్తే హాస్టలు పరువు పోతుందట. నా కాళ్లలో ఉందా హాస్టలు పరువు? ఒళ్లు మండిపోయి అన్నం కూడా తినలేదు.

జూన్ 30

బయట చేరాను. పెరటి చివర బయటి గదిలో మూడు రోజులు. ఒక చాప, ఒక చెంబు. అన్నం గడప దగ్గర పెట్టి పోతారు.

జూలై 1

ఒక సంగతి కనిపెట్టాను. ఇటువైపు ఎవరూ రారు. వార్డెన్ అసలే మడి మనిషి, తన నీడ కూడా ఇటు పడనివ్వదు. గది వెనక నాపరాళ్లు పరిచిన జాగా ఉంది, చుట్టూ ఎత్తు గోడ. నా గదిలో ఉండే నాగక్క తాడు గోడ మీంచి విసిరింది. చెమట కారేదాకా ఎగిరాను. ఎంత హాయిగా ఉందో!

నన్నెవరూ ముట్టుకోని రోజుల్లోనే నా ఒళ్లు నాకు దొరికింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత కోపం వచ్చింది.

జూలై 11

అబద్ధం చెప్పాను. మళ్లీ బయట చేరానన్నాను. వార్డెన్ నాలుగడుగులు వెనక్కి పోయి పెరటివైపు చెయ్యి చూపించింది, అంతే. కాసేపటికి నాగక్కా అదే అబద్ధం చెప్పి వచ్చేసింది. ఇద్దరం తాడు తిప్పాం, బస్కీలు తీశాం. నాగక్కది ఆదోని పక్క పల్లె. మా ఊర్లో ఇంత తిన్యాక చేన్లోకి పోవల్ల, ఈడ దుడ్లు కట్టిచ్చుకోని మరీ కూసోబెడతాండారు అని పడీపడీ నవ్వింది.

జూలై 19

మళ్లీ పోయాను. ఉండబట్టలేదు.

జూలై 20, మధ్యాహ్నం 3 గంటలు

కొంప మునిగింది. ఒక్క నెలలో మూడుసార్లు ఎట్లయితావు అని వార్డెన్ నిలదీసింది. నేను నోరు తెరిచేలోపే ఆమే తేల్చేసింది. ఇదేదో పెద్ద జబ్బట. చదువు వేడి గర్భానికి కొట్టిందట. నాయనకు తంతి ఇచ్చింది. బయటి గదిలోకే మంచం వేయించింది, ఆయన వచ్చేదాకా నేను మంచం దిగకూడదు, కాలు కింద పెడితే తిట్లు, పూటపూటకూ మెంతుల గంజి. కాళ్లాడించుకోవడానికి అబద్ధమాడితే ఆ అబద్ధమే నన్ను మంచానికి కట్టేసింది. పళ్లు నూరుకుంటూ రాస్తున్నాను.

జూలై 23

నాయన వచ్చాడు. జబ్బేమిటో వార్డెన్ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇద్దరివీ నేలచూపులే. ఆసుపత్రికి తీసుకుపోయారు. నర్సు రాహేలమ్మ పొట్ట నొక్కింది, కళ్లు చూసింది, నాయన్ని బయటికి పంపి నిజం చెప్పమంది. చెప్పేశాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నీ బిడ్డకు ఏ రోగమూ లేదప్పా, ఒళ్లు కదలనీకుండా కూసోబెట్టినారు, అదే రోగం అని నాయనకు చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నాయన ఏమన్నాడు? ఒంటికి పని కావాల్నంటే ఇంటికి రా, మిరపనారు నాటల్ల, పనికేం కరువు అన్నాడు. బస్టాండు దాకా అదే మాట. కోపంతో ఏడుపొచ్చింది. ఆయన చేలో వంగడం వేరు, నా కోసం నేను ఎగరడం వేరు. అది చెప్పాలనుకున్నాను. చదువుకుంటా నాయనా అని మాత్రం అన్నాను. సరేలే, ఇంగొక్క తూరి నీ ఒంటి సంగతి చెప్పి ఆ యమ్మ తంతి కొట్టిందంటే పెట్టె సర్దుకో అని బస్సెక్కాడు.

జూలై 24

బయటి గదికి తాళం పడింది, ఇక ఎవరు బయట చేరినా వార్డెనే వచ్చి తీయాలి. ఈ నెలలో నువ్వు ఇంగోసారి ఆ మాటెత్తితే ఆ పొద్దే మీ నాయనకు తంతి పోతాది అని వార్డెన్ చెప్పింది.

జూలై 29

వరలక్ష్మీ వ్రతం. తెల్లవారగానే నిజంగా బయట చేరాను. ఎవరికీ చెప్పలేదు. తలకు పోసుకుని వచ్చి పీట మీద కూర్చున్నాను. వార్డెన్ కలశం నా చేతికే ఇచ్చింది. తోరాలు కూడా నన్నే కట్టమంది. వరసగా అందరికీ కట్టాను. ఆఖరున వెంకటేశ్వరమ్మ చెయ్యి చాపింది.

గట్టిగా ముడి వేశాను.